'ఇనీషియల్ ఎన్‌కౌంటర్'ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న
అమెరికా క్లినిక్‌లకు బిల్లింగ్ చేసే కొత్త సిబ్బంది కోసం ఐసీడీ-10 (జబ్బులకు, గాయాలకు కోడ్‌లు ఇచ్చే పద్ధతి) మీద తెలుగులో శిక్షణ పత్రం తయారవుతోంది. గాయాల కోడ్‌లలో ఏడో స్థానంలో వచ్చే ఎ (ఇనీషియల్ ఎన్‌కౌంటర్), డి (సబ్‌సీక్వెంట్ ఎన్‌కౌంటర్), ఎస్ (సీక్వెలా) అక్షరాల దగ్గర మాటలు కుదరడం లేదు. చిత్తుప్రతిలో 'తొలి సందర్శన', 'తదుపరి సందర్శన', 'పర్యవసానం' అని ఉన్నాయి. ఇవి ఉంచవచ్చా?

కోడింగ్ శిక్షకురాలు
'తొలి సందర్శన' వద్దండీ. ఇంగ్లీషు మాటే దారి తప్పిస్తుంది, దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ఆ తప్పు ఇంకా గట్టిపడుతుంది. రోగి ఎన్నోసారి వచ్చాడన్నది ఎ అక్షరం చెప్పదు. గాయానికి అసలు చికిత్స ఇంకా నడుస్తోందని చెబుతుంది.

కుడి మణికట్టు దగ్గర రేడియస్ ఎముక కింది కొన విరిగిందనుకోండి: ఎస్ 52.501. ఎమర్జెన్సీలో చూసిన రోజు ఎ. మూడోనాడు ఎముకల డాక్టరు చూసి ఆపరేషన్ నిర్ణయిస్తే అప్పుడూ ఎ. ఆ తర్వాతి వారం ప్లేటు వేసినప్పుడూ ఎ. రోజులు మారాయి, డాక్టర్లు మారారు, అక్షరం మారలేదు. ఆపరేషన్ అయ్యాక ఎముక అతుక్కుంటోందో లేదో ఎక్స్‌రే తీసి చూసినప్పుడు, కట్టు విప్పినప్పుడు డి.

బిల్లింగ్ డెస్క్
ఇంకో చిక్కు కూడా ఉంది. క్లినిక్‌లో 'న్యూ పేషెంట్' అనే లెక్క వేరే నడుస్తుంది. ఆ డాక్టరు గానీ, అదే గ్రూపులో అదే స్పెషాలిటీ డాక్టరు గానీ గత మూడేళ్లలో చూడకపోతే కొత్త రోగి. అది విజిట్ కోడ్‌కు, అంటే డాక్టరు రోగిని చూసినందుకు వేసే కోడ్‌కు సంబంధించినది. వేరే ఊళ్లో ఆపరేషన్ చేయించుకుని ఫాలో అప్ కోసం ఇక్కడికి మొదటిసారి వచ్చినవారికి విజిట్ కోడ్ కొత్త రోగిది, గాయం కోడ్ చివర మాత్రం డి. పత్రంలో 'తొలి' అన్న మాట కనిపిస్తే ఇక్కడ అందరూ ఎ వేస్తారు.

సీనియర్ కోడర్
పాతవాళ్ల తప్పు వేరు. 2015 సెప్టెంబరు 30 వరకు వాడిన ఐసీడీ-9లో ఈ ఏడో అక్షరం లేదు, అతుక్కుంటున్న ఎముకకు విడిగా ఆఫ్టర్‌కేర్ (చికిత్స తర్వాతి సంరక్షణ) కోడ్ ఉండేది. ఆ అలవాటుతో ఇప్పుడూ జెడ్‌తో మొదలయ్యే ఆఫ్టర్‌కేర్ కోడ్ వెతుకుతారు. గాయాలకు అది వాడకూడదు. అదే గాయం కోడ్‌ని ఉంచి చివర డి పెట్టాలి. ఏడో అక్షరం ఏడో స్థానంలోనే ఉండాలనీ రాయండి. కారణం తెలియని పడిపోవడం డబ్ల్యూ 19. దాని తర్వాత ఖాళీ స్థానాల్లో మూడు ఎక్స్‌లు నింపి ఆపైన ఎ వేయాలి. నేరుగా ఎ తగిలిస్తే కోడ్ చెల్లదు, క్లెయిమ్ తిరిగొస్తుంది.

తెలుగు అధ్యాపకుడు
అయితే 'సందర్శన'నే వదిలేసి 'దశ' పట్టుకుందాం. ఎ 'చికిత్స దశ'. డి అక్షరానికి 'మానే దశ' అనబోయి ఆగాను. మనకు పుండు మానుతుంది, ఎముక అతుక్కుంటుంది, బెణుకు తగ్గుతుంది. అన్ని గాయాలకూ ఒకే క్రియ లేదు. మనిషిని కర్తగా పెడితే ఇబ్బంది తీరుతుంది: 'కోలుకునే దశ'.

ఎస్ అక్షరానికి 'పర్యవసానం' మరీ విశాలం, మంచైనా చెడైనా ఏది జరిగినా అది పర్యవసానమే. ఋణశేషం, శత్రుశేషం అన్నట్టు 'గాయశేషం' అంటే?

కోడింగ్ శిక్షకురాలు
'కోలుకునే దశ' చాలా బాగుంది. 'గాయశేషం' వినడానికి బాగుంది కానీ అర్థం తిరగబడుతుందండీ. ఋణశేషం అంటే తీరకుండా మిగిలిన అప్పే. ఎస్ వేసేటప్పటికి గాయం మిగిలి లేదు, దానివల్ల పుట్టిన వేరే బాధ ఉంది. కుడి ముంజేయి రెండో డిగ్రీ స్థాయిలో కాలి, ఆ గాయం మానాక మచ్చ బిగుసుకుపోతే ముందు మచ్చకు ఎల్ 90.5, తర్వాత కాలిన గాయానికి టి 22.211, దాని చివర ఎక్స్ అక్కర్లేకుండానే ఎస్. ఎస్ ఎప్పుడూ గాయం కోడ్‌కే, మచ్చకు కాదు. 'గాయశేషం' అంటే వరస తలకిందులు చేసి గాయాన్నే ముందు రాస్తారు.

తెలుగు అధ్యాపకుడు
ఒప్పుకుంటాను. 'గాయం మిగిల్చిన బాధ' అనండి. పొడవైనా, ఏది ముందు రాయాలో ఆ మాటలోనే తెలుస్తుంది.

సీనియర్ కోడర్
'చికిత్స దశ' అన్నారు కాబట్టి ఒక మినహాయింపు తప్పనిసరిగా చేర్చండి. మూసి ఉన్న విరుపు (చర్మం తెగకుండా లోపలే ఎముక విరగడం) చికిత్స తర్వాత అతుక్కోకపోతే చివర కె, వంకరగా అతుక్కుంటే పి. అతుక్కోని ఎముకకు మళ్లీ ఆపరేషన్ చేసినా కె వేయాలి, ఎ కాదు. మొదట్నుంచీ వైద్యమే చేయించుకోకుండా ఆలస్యంగా వచ్చినవారికి మాత్రం ఎ. డాక్టరు నోట్స్‌లో విరుపు మూసి ఉందో బయటపడిందో రాయకపోతే మూసి ఉన్నట్టుగా, విరిగిన ముక్క పక్కకు జరిగిందో లేదో రాయకపోతే జరిగినట్టుగా కోడ్ చేయాలి. కుడి, ఎడమ ఏ వైద్య సిబ్బంది నోట్స్‌లోనూ లేకపోతే మాత్రం ఊహించకూడదు, డాక్టరుకు క్వెరీ పంపి వివరణ అడగాలి.