సింగపూర్ 400 ఫ్రీస్టైల్ ఫైనల్: 0.02 సెకను తేడాని నమ్మొచ్చా?

ఈతగాడి నాన్న (ప్రశ్న):
2025 జులైలో సింగపూర్‌లో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ మగవాళ్ళ 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌ని నిన్న మా వాడితో కూర్చుని మళ్ళీ చూశాను. జర్మనీ కుర్రాడు లుకాస్ మార్టెన్స్ 3:42.35, ఆస్ట్రేలియా సామ్ షార్ట్ 3:42.37, కొరియా కిమ్ వూ-మిన్ 3:42.60. ఆఖర్లో ఎన్నిసార్లు ఆపి ఆపి చూసినా నాకు మాత్రం మొదటి ఇద్దరి చేతులూ ఒకేసారి గోడకి తగిలినట్టే ఉంది. మూడు నిమిషాల నలభై సెకన్ల పైన ప్రాణం పెట్టి ఈదితే 0.02 సెకను తేడాతో ఒకడికి బంగారం, ఒకడికి వెండి. ఆ నీళ్ళ తుళ్ళింతలో అంత కచ్చితంగా నిజంగా కొలవగలరా? ఎందుకడుగుతున్నానంటే, మా వాడు ఈదే చిన్న మీట్‌లలో లేన్‌కి ఒకాయన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతారు, పోయినసారి వీడే ముందు తాకాడని చుట్టూ ఉన్నవాళ్ళంతా అన్నా కాగితం మీద రెండో స్థానం వచ్చింది, పిల్లాడు ఆ సాయంత్రమంతా ముభావంగా ఉన్నాడు. ఇంకో సంగతి, మెషీనే కొలుస్తున్నప్పుడు వెయ్యో వంతు దాకా చూపించొచ్చుగా, వందో వంతు దగ్గరే ఎందుకు ఆపేస్తారు?

నీళ్ళ లెక్కలు:
నమ్మొచ్చండి. గోడకి పసుప్పచ్చ పలక ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది చూడండి, దాన్నే టచ్‌ప్యాడ్ అంటారు. రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల వెడల్పు, తొంభై సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, మందం మాత్రం సెంటీమీటరే. 30 సెంటీమీటర్లు నీటి పైన, 60 నీటి లోపల. అల వచ్చి కొట్టుకుంటే అది పట్టించుకోదు, చేత్తో కిలోన్నర, రెండు కిలోల బరువు మోపినట్టు నొక్కితేనే గడియారం ఆగుతుంది. అంటే వేలి కొస ముందు ఆనినవాడు కాదు, ముందు గట్టిగా నొక్కినవాడు గెలుస్తాడు. టీవీలో మీకు కనిపించేది చెయ్యి, పలకకి తెలిసేది ఒత్తిడి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అమెరికా ఫెల్ప్స్, సెర్బియా చావిచ్ 100 బటర్‌ఫ్లై గుర్తుందా, ఫెల్ప్స్ 50.58తో గెలిచాడు, చావిచ్ 50.59. అప్పుడు కూడా చూసినవాళ్ళు సగం మంది చావిచ్ గెలిచాడనే అనుకున్నారు. దీనికి తోడు సెకనుకి వంద ఫ్రేములు తీసే కెమెరాలు పైనుంచి ప్రతి లేన్‌నీ చూస్తుంటాయి, ప్యాడ్ మొరాయిస్తే వాటిని చూస్తారు.

మీ అబ్బాయికి జరిగింది ఒలింపిక్స్‌లోనే జరిగిందని చెప్పండి. 1960 రోమ్, 100 ఫ్రీస్టైల్. అమెరికా లాన్స్ లార్సన్‌కి ముగ్గురు టైమర్లు 55.0, 55.1, 55.1 చూపించారు. ఆస్ట్రేలియా జాన్ డెవిట్‌కి ముగ్గురూ 55.2. అయినా బంగారం డెవిట్‌కే ఇచ్చారు! ఎవరు ముందు తాకారనేది కంటితో చూసి చెప్పే జడ్జీల మాటే అప్పట్లో చెల్లేది మరి. ఆ గొడవ అంత తేలిగ్గా సద్దుమణగలేదు, 1968 మెక్సికో నాటికి ఒలింపిక్స్‌లోకి టచ్‌ప్యాడ్ వచ్చేసింది.

పాత రికార్డుల పిచ్చోడు:
వెయ్యో వంతు సంగతి నేను చెప్తాను. అది కూడా చేసి చూశారు, చేదు అనుభవమే మిగిలింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్, 400 వ్యక్తిగత మెడ్లీ, అంటే ఒకే రేసులో నాలుగు రకాల ఈత. స్వీడన్ గున్నార్ లార్సన్, అమెరికా టిమ్ మెకీ ఇద్దరికీ బోర్డు మీద 4:31.98. టై అని అందరూ అనుకుంటుంటే ఇంకో అంకె లోపలికి వెళ్ళి చూసి 4:31.981, 4:31.983 అని తేల్చి లార్సన్‌కి బంగారం ఇచ్చారు. ఆ తర్వాత నియమం మారింది: వందో వంతు వరకే లెక్క, అక్కడ సమానమైతే ఇద్దరికీ పతకం. సిడ్నీ 2000లో 50 ఫ్రీస్టైల్ బంగారం ఎర్విన్, హాల్ ఇద్దరికీ 21.98తో వచ్చింది అందుకే. రియోలో 100 బటర్‌ఫ్లై వెండి ముగ్గురికి!

కారణం మెషీన్ కాదు, సిమెంటు. 400 మీటర్లు 222 సెకన్లలో అంటే సెకనుకి 1.8 మీటర్లు. వెయ్యో వంతు సెకనులో ఈతగాడు కదిలేది రెండు మిల్లీమీటర్ల లోపే. యాభై మీటర్ల పూల్‌లో ఈ లేన్‌కీ ఆ లేన్‌కీ రెండు మిల్లీమీటర్లు కూడా తేడా లేకుండా గోడ కట్టగలమని ఏ మేస్త్రీ చెప్తాడు?

ఈతగాడి నాన్న:
అదే లెక్కన 0.02 అంటే మూడున్నర సెంటీమీటర్లే కదండీ, రెండు వేళ్ళ మందం. పైగా 400లో ఆ పొడవు ఎనిమిది సార్లు ఈదాలి. లేన్‌కి అర సెంటీమీటరు చొప్పున తేడా ఉన్నా ఎనిమిది ల్యాప్‌లకి నాలుగు సెంటీమీటర్లు అయిపోదూ?

పాత రికార్డుల పిచ్చోడు:
లెక్క సరైందే, కాదనను. అందుకే రికార్డు గుర్తించాలంటే ప్రతి లేన్ పొడవునీ సర్వేయర్ కొలిచి సర్టిఫికెట్ ఇవ్వాలని నియమం పెట్టారు. అయినా అనుమానం సున్నా కాదు. ఎక్కడో ఒక చోట గీత గీయాలి కాబట్టి వందో వంతు దగ్గర గీశారు. నా వరకు అది న్యాయమైన చోటే.

కల్లాంగ్ నుంచి:
సింగపూర్ ఫైనల్ జరిగిన సాయంత్రం నేను అరీనాలోనే ఉన్నాను. ఇండోర్ స్టేడియం పక్కన ఈ పోటీల కోసమే తాత్కాలికంగా కట్టిన పూల్ అది. మా సీట్ల నుంచి ఎవరు ముందో చెప్పే మార్గమే లేదు, గోడ దగ్గర తెల్లటి నురుగు తప్ప ఏమీ కనపడలేదు, వేల మంది తలలు ఒక్కసారిగా బోర్డు వైపు తిరిగాయి. నాకు షార్ట్ గురించే బాధ. 2023 ఫుకుఓకాలో ఇదే రేసు ఇదే షార్ట్ 3:40.68తో గెలిచాడు, ట్యునీషియా హఫ్నౌయి 3:40.70. అప్పుడూ సరిగ్గా 0.02! పారిస్ ఒలింపిక్స్‌లో 0.14 తేడాతో కాంస్యం పోయి నాలుగో స్థానం. ఇక్కడేమో మళ్ళీ అదే 0.02, ఈసారి అటు వైపు. మార్టెన్స్ తక్కువ వాడని కాదు సుమా, ఆ ఏప్రిల్‌లోనే స్టాక్‌హోమ్‌లో 3:39.96 ఈది 3:40 లోపు వెళ్ళిన మొదటి మనిషి అయ్యాడు. 2009లో జర్మనీ బీడర్‌మాన్ పాలియురెథేన్ సూట్ (నీళ్ళలో ఒంటిని పైకి తేల్చే ప్లాస్టిక్ లాంటి సూట్) వేసుకుని పెట్టిన 3:40.07ని మామూలు నిక్కరు మీద కొట్టాడు. ఆ సూట్లు 2010లో నిషేధించాక ఆ రికార్డు ఇక కదలదనే చాలామంది అనుకున్నారు.

కోచ్ మాట:
అందరూ గోడ దగ్గరే ఆగిపోయారు. నేను పిల్లలకి 400 నేర్పిస్తాను, నన్నడిగితే 0.02 అనేది ఆఖరి టచ్‌లో పోయేది కాదు. ఏడు టర్న్‌లు ఉంటాయి, అంటే గోడ దగ్గర వెనక్కి తిరగడాలు. ఒక్క టర్న్‌లో కాళ్ళు గోడకి సరిగ్గా పడకపోతే పదో వంతు సెకను పోతుంది, అంటే ఈ తేడాకి అయిదు రెట్లు. తోసుకున్నాక నీటి లోపల ఒక డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్ళూ కలిపి తన్నడం) తక్కువ వేసి తొందరపడి పైకి తేలినా అంతే. 400 కష్టం ఎక్కడుందంటే, ఇది స్ప్రింటూ కాదు, దూరప్పోటీ కూడా కాదు. 100 మీటర్లకి 55 సెకన్ల పైచిలుకు వేగం చివరి దాకా పట్టి ఉంచాలి, మొదటి 200 ఉత్సాహంగా వెళ్ళినవాడికి 300 దగ్గర చేతులు బరువెక్కుతాయి, మూడో వందే నిజమైన పరీక్ష. టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మెక్‌లాగ్లిన్ ముందుండి నడిపించాడు, ఎనిమిదో లేన్‌లో, హీట్స్‌లో (ఫైనల్‌కి ముందు రౌండ్‌లో) ఆఖరివాడిగా అర్హత సాధించిన పద్దెనిమిదేళ్ళ హఫ్నౌయి చివరి యాభైలో దాటేసి 0.16తో గెలిచాడు. మధ్య లేన్ల వాళ్ళకి అతను ఎక్కడున్నాడో కనపడే అవకాశం కూడా తక్కువ.

మీ అబ్బాయికి ఒకటే చెప్పండి సార్. లేన్ తాడు మీద పూసల రంగు మారే చోట నుంచి గోడ అయిదు మీటర్లు. అక్కడ నుంచి శ్వాస తీసుకోకూడదు, తల ఎత్తి పక్కవాడిని చూడకూడదు. గోడకి అర స్ట్రోక్ దూరం మిగిలితే చెయ్యి చాపి జారిపోతూ వెళ్ళడం చాలామంది పిల్లలకి అలవాటు, అక్కడే వేగం చచ్చిపోతుంది. కాలు ఆపకుండా తంతూ, భుజం పూర్తిగా చాపి, పలకని అరచేత్తో కాకుండా వేళ్ళతో గుచ్చినట్టు నొక్కాలి. స్టాప్‌వాచ్ పట్టుకున్నాయనకి కూడా ఆ టచ్ స్పష్టంగా కనపడుతుంది.

ఈతగాడి నాన్న:
థాంక్సండి అందరికీ. టచ్ గురించి వాడికి చదివి వినిపించాను, రంగు మారే చోటు ఇన్నాళ్ళూ గమనించనే లేదట. ఇంకొక్క మాట, టర్న్‌ల ప్రాక్టీస్ వారానికి ఎంతసేపు చేయించాలి?

కోచ్ మాట:
విడిగా గంటలు పెట్టకండి. రోజూ సెషన్ ఆఖర్లో, అలసిపోయి ఉన్నప్పుడే, గోడకి పదిహేను మీటర్ల ముందు నుంచి వచ్చి తిరిగి పదిహేను మీటర్లు వెళ్ళేలా కొన్నిసార్లు చేయించండి. ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు టర్న్ అందరూ బాగానే తిరుగుతారు, 350 దగ్గర తిరిగేదే లెక్క.