సమస్యాపూరణం: ‘ప్రాకి పోయిన బంతియే పైకి వచ్చె’

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య:

ప్రాకి పోయిన బంతియే పైకి వచ్చె

సందర్భం గోల్ఫు. బంతి గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) అంచు దాటి రెండడుగుల అవతల ఆగింది. పట్టర్‌తో (చదును ముఖం కర్ర) నేల మీద దొర్లించాలా, వెడ్జితో (ముఖం బాగా వాలిన కర్ర) చిప్ చేయాలా, అంటే కాస్త గాలిలోకి లేపాలా? ఆదివారం దీని మీదే మాలో మాకు మాటలు పెరిగి టీలు చల్లారిపోయాయి. ఆ కోపంలోంచి పుట్టిన పాదం ఇది. రాజకీయ పూరణలు వద్దు, పోయినసారి పడ్డది చాలు.

బంకర్‌బాబు:

చిప్పు చెడి పాపలోయలో చిక్కెఁ గాని
పట్టు విడువక రోక్కయుఁ బట్టరెత్తె
గట్టు నెక్కుచు గుంటను గౌఁగిలించె
ప్రాకి పోయిన బంతియే పైకి వచ్చె

1995 ఓపెన్ (బ్రిటన్‌లో జరిగే పెద్ద గోల్ఫు పోటీ), స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్, చివరిదైన 18వ హోల్. జాన్ డేలీని అందుకోవాలంటే ఇటలీ ఆటగాడు కొస్టాంటినో రోక్కాకి బర్డీ కావాలి, అంటే పార్ (హోల్‌కి నిర్ణయించిన దెబ్బల లెక్క) కంటే ఒక దెబ్బ తక్కువ. చిప్ సరిగ్గా తగల్లేదు, గ్రీన్ ముందున్న పల్లంలోకి జారింది. దాన్నే ‘వ్యాలీ ఆఫ్ సిన్’ అంటారు. అక్కణ్ణించి పట్టర్‌తో కొడితే 60 అడుగుల పైమాటే, ఎగబాకి వెళ్లి గుంటలో పడింది. ఆయన బోర్లా పడిపోయి నేలను పిడికిళ్లతో గుద్దాడు. ‘చిప్పు చెడి’లో రెండర్థాలూ గమనించగలరు.

చంపకమాలి:
గమనించాం. ‘గమనించగలరు’ అని పక్కన బోర్డు పెట్టాక అది శ్లేష ఎలా అవుతుంది బాబుగారూ? సరే, అసలు సందేహం. మూడో పాదంలో బంతి గుంటను కౌగిలించుకుంది. నాలుగో పాదంలో పైకి వచ్చింది. అంటే గుంట కక్కేసిందా? అలా అయితే బర్డీ లేదు, ప్లేఆఫూ (సమానంగా నిలిచినవాళ్ల మధ్య తేల్చే ఆట) లేదు. రోక్కా బోర్లా పడింది ఏడుస్తూనా?

తేటగీతి తాత:
‘పాపలోయ’కి నా దండం. ఆ ఒక్క మాటకే సగం మార్కులు. క్రమం మాత్రం అమ్మాయి చెప్పినట్టు తలకిందులైంది. ఇలా అనొచ్చేమో:

గట్టు నెదురాడి గుంటపైఁ గన్ను వైచి

అప్పుడు పాకడం, ఎక్కడం వరసలో వస్తాయి.

బంకర్‌బాబు:
తాతగారూ, ఆ ఆలింగనం తీసేస్తే పద్యంలో ఇంకేం మిగులుతుంది! ఉంచేస్తున్నాను. పైగా ‘పైకి వచ్చె’ అంటే స్కోరు పట్టికలో పైకి వచ్చెనని.

చంపకమాలి:
పైకి వచ్చి? నాలుగు హోళ్ల ప్లేఆఫ్‌లో డేలీ చేతిలో ఓడాడు. ఆ సంగతి పద్యంలోనూ లేదు, వివరణలోనూ లేదు. ఇక నా పూరణ:

టర్నుబెర్రీనిఁ దలఁచుచో టక్కుఁ దెలియు
వాట్సనట పట్టరే యెత్త వాయి దాఁటి
కప్పు జాఱెను, చెప్పు మే కరణి నిపుడు
ప్రాకి పోయిన బంతియే పైకి వచ్చె?

2009 ఓపెన్, స్కాట్లండ్‌లోని టర్న్‌బెర్రీ. టామ్ వాట్సన్‌కి 59 ఏళ్లు. చివరి హోల్‌లో పార్ చేస్తే ఓపెన్ ఆయనదే. రెండో షాట్ గ్రీన్ దాటి వెనక్కి పోయింది. అక్కణ్ణించి చిప్ చేయకుండా పట్టర్ తీశాడు. బంతి గుంట దాటేసింది. ‘పట్టర్ తీస్తే భయం లేదు’ అనేవాళ్లందరికీ అంకితం.

బంకర్‌బాబు:
సమస్యకి చివర ప్రశ్నార్థకం తగిలించి తప్పుకోవడం మాలిగారికి కొత్తకాదు. ఓపెన్‌లో ఇచ్చేది కప్పు కాదు, కూజా. ఇక వాట్సన్ విషయం. ఆయన్ని ముంచింది రెండో పట్ (పట్టర్ దెబ్బ). అది గ్రీన్ మీద నుంచి కొట్టింది. అక్కడ వెడ్జి ఎవరు తీస్తారండీ?

చంపకమాలి:
ఆ రెండో పట్ అంత పొడుగు మిగిల్చింది ఎవరు? మీ మొదటి పట్టరే కదా. అయినా చిప్ పాకదని ఎవరన్నారు? 2005 మాస్టర్స్ (అమెరికాలో జరిగే పెద్ద పోటీ), 16వ హోల్, టైగర్ వుడ్స్. చిప్ చేసిన బంతి గ్రీన్ మీద గుంటకి బాగా ఎడంగా పడి, వాలు పట్టుకుని పాక్కుంటూ వచ్చి, అంచున ఒక్క క్షణం ఆగి మరీ లోపలికి దొర్లింది. ఆ కోణం ఒక్కరికీ తట్టలేదు.

అరసున్న:
మీకు తట్టింది కదా, మరి పద్యంలో పెట్టలేదేం?

కొత్తబంతి:
నమస్కారం, నా తొలి పూరణ. తప్పులుంటే మన్నించండి.

వెడ్జి తోడనుఁ గొట్టిన వెఱ్ఱి వాఁడ
మట్టి యెగసెను బంతి తా మసలకుండె
పట్టరు తీసి మెల్లగాఁ బంపినంత
ప్రాకి పోయిన బంతియే పైకి వచ్చె

తేటగీతి తాత:
రెండో పాదం చదివి పెద్దగా నవ్వాను నాయనా. కానీ మూడో పాదంలో రెండో గణం జగణమై (లఘువు-గురువు-లఘువు) కూర్చుంది, తేటగీతిలో అక్కడ అది చెల్లదు. ‘పట్టరుం దీసి’ అను. ఒక్క సున్నతో పోయేదానికి మన్నింపులెందుకు?

చంపకమాలి:
తమ్ముడూ, పద్యం బాగుంది, ఆటే అనుమానం. నువ్వాడేది ఏ గడ్డి మీద? మన కోర్సుల్లో చాలా చోట్ల బెర్ముడా, అంటే గరికే. ఎదురు వాలుగా ఉంటే అంచు దగ్గరే బంతిని పట్టేస్తుంది. వాన పడ్డాక మరీను. పట్టర్ ముఖానికి వాలు మూడు నాలుగు డిగ్రీలే, బంతి గడ్డిలో కూరుకుపోతే పైకి లేపలేదు. సెయింట్ ఆండ్రూస్‌లో గట్టి ఇసుకనేల, కురచ గడ్డి కాబట్టి రోక్కా బంతి పాకింది. మన దగ్గర అదే దెబ్బకి సగంలో ఆగి పడుకునేది.

కొత్తబంతి:
అక్కా, బంతికి బురద అంటుకుని ఉంది. తుడవబోతే ఆపేశారు.

తేటగీతి తాత:
సరిగ్గానే ఆపారు. బంతి గ్రీన్‌ని కొంచెమైనా తాకుతుంటేనే గుర్తు పెట్టి ఎత్తి తుడుచుకోవచ్చు. అంచు గడ్డి మీద ఆ వీల్లేదు.

అరసున్న:

కమఠ పృష్ఠపు గ్రీనులన్ గైమ రపుడు
చిప్పు మాటఁ దలంపక చేతఁ బట్టి
పట్టరే కొట్టె; నెనిమిది బార లెడము
ప్రాకి పోయిన బంతియే పైకి వచ్చె

2014 యూఎస్ ఓపెన్, అమెరికాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సు. తాబేటి వీపుల్లాంటి గ్రీన్లు, అంచుకి పడ్డ బంతి బయటికి జారిపోతుంది. చిప్ చేస్తే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. మార్టిన్ కైమర్ గ్రీన్ బయటి నుంచి కూడా మాటిమాటికీ పట్టరే వాడి ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచాడు.

నిర్వాహకుడు:
ఈ వారం తాంబూలం అరసున్నగారిదే. ‘పైకి వచ్చె’ పట్టికకీ, తాబేటి వీపుకీ రెంటికీ అతికింది.

బంకర్‌బాబు:
అభినందనలు. ‘బార’ అంటే రెండు చేతులు చాచిన పొడవు. గెలిచింది ఎనిమిది దెబ్బలతో. యతి కోసం దెబ్బల్ని బారలు చేసినా తాంబూలమే, నా కౌగిలికి మాత్రం శవపరీక్ష.

చంపకమాలి:
యతి మాట మీరెత్తకండి. ఉగాది సమస్యలో ‘రాజు’కి ‘ఱంపము’తో యతి వేసింది ఎవరు? నా మూడో పాదంలో ‘జాఱెను’ చూడండి, శకటరేఫ (బండి ఱ) ఎక్కడుండాలో అక్కడే ఉంది.

బంకర్‌బాబు:
ఇప్పటి కవులు ర, ఱ రెంటికీ యతి వేస్తూనే ఉన్నారు. అప్పుడే చెప్పాను.

చంపకమాలి:
అప్పుడూ ఒప్పుకోలేదు. రేఫల సంగతి తేలేదాకా నేను వచ్చేవారం సమస్యకి రాను.

బంకర్‌బాబు:
నిర్వాహకుడుగారూ, దయచేసి తేల్చకండి.