సైకిల్సా, సర్కిల్సా? (క్యూ-టిప్ పాదం ఒకటి)

అరసున్న: ‘ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్’ అనే అమెరికన్ హిప్‌హాప్ బృందం ఆల్బమ్ ‘ది లో ఎండ్ థియరీ’ మొదటి పాటలో ఒక మాట బుర్ర తినేస్తోంది. కొడుకు వింటున్న హిప్‌హాప్ తండ్రికి తన కాలపు జాజ్ శైలి బీబాప్‌ని గుర్తుచేస్తుంది. దానికి కొడుకు ‘అన్నీ మళ్ళీ తిరిగొస్తాయి, తెలీదా నాన్నా’ అంటాడు కదా. అక్కడ ఆ బృందం ర్యాపర్ క్యూ-టిప్ పలికింది సైకిల్సా, సర్కిల్సా? నా చెవికి రెండోదే వినిపిస్తోంది. లిరిక్స్ సైట్లు చూడమనకండి, అవీ ఎవరో విని రాసినవే.

యతిభంగం: సైకిల్స్. ప్రాసే సాక్ష్యం. తరువాతి పాదం ‘మైకేల్’తో ముగుస్తుంది. టీనేజర్‌కి పేజర్‌నీ, హిప్‌హాప్‌కి బీబాప్‌నీ జత చేసినవాడు సరిగ్గా ఇక్కడే చేతులెత్తేస్తాడా?

అరసున్న: మరి ‘సైకిల్స్’ చివర సకారం వేలాడుతోంది కదా మాస్టారూ! మైకేల్‌కి అది లేదు. పోయిన నెల నా కంద పద్యంలో బిందువు తప్పిందని నన్ను ఊరంతా తిప్పారు మీరు.

యతిభంగం: కందంలో ఉండేది ద్వితీయాక్షర ప్రాస. ఇది అంత్యప్రాస. అచ్చు కలిస్తే చాలు. ఆ కందం సంగతి మళ్ళీ ఎత్తకండి, అది ఇప్పటికీ తప్పే.

వలసపక్షి: మాస్టారి మాటే నాదీ, కారణం మాత్రం వేరు. మైకేల్ అంటే జాక్సన్. ఆ పాదంలో గాయకుడు బాబీ బ్రౌన్‌ని ఆయనతో పోల్చడం ఆ ‘తిరిగి రావడానికి’ ఉదాహరణే. సర్కిల్ అంటే గానుగెద్దు తిరుగుడు, ఉన్నచోటే ఉంటుంది. ఇక్కడ మనిషి మారుతున్నాడు.

ఖండచాపు: మీరంతా మాట దగ్గరే ఆగిపోయారు. జవాబు బేస్‌లో, అంటే మంద్రస్వరాల వాద్యంలో ఉంది. పాట ఒంటరి బేస్‌తో మొదలవుతుంది చూడండి, అది జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ, ఆయన బృందం జాజ్ మెసెంజర్స్ వాయించిన ‘ఎ చాంట్ ఫర్ బు’ నుంచి తీసుకున్నది. అసలులో నడక త్రిశ్రం, మూడు దెబ్బలు. క్యూ-టిప్ దాన్ని సాగదీసి నాలుగు దెబ్బల చతురశ్రంలో కూర్చోబెట్టాడు. డ్రమ్స్ దిగకముందే తొడ మీద తాళం వేసి చూడండి, ఆ అదనపు దెబ్బ ఎక్కడ పడిందో తెలుస్తుంది. తండ్రి సంగీతం తిరిగొచ్చింది, కానీ గతి మార్చుకుని వచ్చింది. నన్నడిగితే ఆ మాటకి తెలుగు ‘ఆవర్తం’, తాళం ఒక చుట్టు.

వలసపక్షి: ఆ బేస్ జాజ్ వాద్యకారుడు రాన్ కార్టర్‌ది కాదూ?

ఖండచాపు: అందరూ పడే గొయ్యి ఇదే. కార్టర్ వాయించింది ఇదే ఆల్బమ్ పాట ‘వర్సెస్ ఫ్రమ్ ది అబ్‌స్ట్రాక్ట్’లో. 1960లలో జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ పక్కన నిలబడిన మనిషి, బూతులు ఉండకూడదని షరతు పెట్టి మరీ వచ్చాడు.

గజడదబ: తాళాలు తర్వాత. పేరు సంగతేంటి? ‘లో ఎండ్’ అంటే మంద్రమా, అట్టడుగా?

వలసపక్షి: రెండూ. బేస్ స్వరాలూ, సమాజంలో నల్లజాతి మగవాళ్ళ స్థానమూ. గ్రూపు వాళ్ళు చెప్పుకున్నదే.

యతిభంగం: శ్లేష అన్నమాట. ‘వసుచరిత్ర’ రామరాజభూషణుడికి చూపించాల్సింది, ‘ఒక్కటేనా?’ అని నవ్వేవాడు. ఇక ‘రాఘవపాండవీయం’ రాసిన పింగళి సూరన అయితే ఆల్బమ్ మొత్తం రెండర్థాలతో నడిపించేవాడు.

గజడదబ: సూరన ఆల్బమ్‌ని క్లబ్బులో వేస్తే ఎవరూ కాలు కదపరు లెండి. ఒక సంగతి గమనించారా? అందరూ క్యూ-టిప్ భజనే. అదే బృందంలోని ఇంకో ర్యాపర్ ఫైఫ్ డాగ్ ఊసెత్తరేం? మొదటి ఆల్బమ్‌లో అక్కడక్కడా కనిపించినవాడు 1991లో ‘బగ్గిన్ అవుట్’తో మైక్ పరీక్ష చేసుకుంటూ దిగాడు. అయిదడుగుల మనిషినని తనే చాటుకుని, దాన్నే బిరుదు చేసుకున్నాడు. 2016లో షుగర్ జబ్బు తీసుకుపోయింది. నాకు ఆ ఆల్బమ్ ఆయనదే.

కూనలమ్మ భక్తుడు: అంత్యప్రాస మాట వచ్చాక ఆరుద్రని తలవకుండా ఇంత దూరం ఎలా వచ్చారండీ! కూనలమ్మ పదం ర్యాప్ కాదని ఎవరైనా అనమనండి చూద్దాం. మూడు పాదాలు, మూడూ ఒకే చోట వాలతాయి, నాలుగోదానికి మకుటం. ఆ గతిలోనే మన పాదాన్ని అనువదించాను:

తండ్రి విన్నది జాజు
కొడుకు కిచ్చెను మోజు
మళ్ళి వచ్చును రోజు
ఓ కూనలమ్మ

ఖండచాపు: పాదానికి పది మాత్రలు, అయిదూ అయిదుగా విరిగాయి. బాగుంది. ఇది నా గతి కూడాను.

యతిభంగం: ‘మళ్ళి’ ఏమిటండీ? ‘మళ్ళీ’ కదా. మాత్ర కోసం దీర్ఘం మింగేశారు.

కూనలమ్మ భక్తుడు: ఇంత చిన్న పదంలో ఆపాటి చనువు ఉండాలి.

యతిభంగం: ‘తిరిగి వచ్చును రోజు’ అనండి. మాత్రలు అవే, దోషం పోతుంది.

కూనలమ్మ భక్తుడు: ‘తిరిగి’ అంటే ఊరెళ్ళి బస్సు దిగినట్టుంది. ‘మళ్ళి’లో మలుపు ఉంది. మార్చను.

అరసున్న: అయ్యా, నా సకారం...

యతిభంగం: ఉండండి. మోజు ‘ఇచ్చెను’ అన్నారు, ఇచ్చింది తండ్రా, జాజా? అన్వయం కుదరడం లేదు.