గుండె ఆగాక తీసిన సీటీ స్కాన్‌లో కనిపించింది నిజంగా రక్తమేనా?

మా అన్నయ్యకు నాలుగు రోజుల క్రితం ఉన్నట్టుండి గుండె ఆగిపోయింది. సీపీఆర్ చేస్తే మళ్ళీ కొట్టుకుంది కానీ, ఈలోపు మెదడుకు చాలాసేపు ఆక్సిజన్ అందలేదు. ఇంకా వెంటిలేటర్ మీదే ఉన్నాడు, స్పృహ రాలేదు.

మొదటి సీటీ స్కాన్ చూసి మెదడు పొరల కింద రక్తస్రావం అన్నారు. అసలు అదే కారణమేమో, రక్తనాళం చిట్లడం వల్లే గుండె ఆగిందేమో అని భయపడ్డాం. మర్నాడు న్యూరాలజిస్టు వచ్చి, ఇది రక్తం కాకపోవచ్చు, అలా భ్రమ కలిగిస్తుంది అన్నారు. ఆక్సిజన్ అందక మెదడు వాస్తే స్కాన్‌లో మామూలు కంటే నల్లగా కనిపిస్తుందట. వాపు ఒత్తిడికి చుట్టూ ఉండే నీరు పక్కకు పోయి, సిరలు ఉబ్బుతాయట. ఆ నల్లదనం పక్కన అవి తెల్లగా, అచ్చం రక్తంలా అనిపిస్తాయట. రిపోర్టులో ఆ తెల్లటి చోట సాంద్రత 36 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అని ఉంది. నిజమైన తాజా రక్తమైతే సాధారణంగా 60 దాకా ఉంటుందన్నారు.

మాకు టెన్షన్ ఎందుకంటే, రక్తస్రావం అన్న అనుమానంతో గుండెకు ఇవ్వాల్సిన రక్తం పలచబరిచే మందు ఆపేశారు. వాపు ఉండగా వెన్ను నీరు తీయడం ప్రమాదమని, రక్తం ఉందో లేదో చూసే ఆ పరీక్షా చేయలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా? ఎంఆర్‌ఐతో తేలిందా, రెండో సీటీతోనా? డాక్టర్లను ఇంకేం అడగాలి? ఇంత వాపు ఉందంటే మెదడు బాగా దెబ్బతిన్నట్టేనా? తెలిసినవాళ్ళు దాచకుండా చెప్పండి, దయచేసి.