క్రేఫిష్ ప్లేగు నీటి పరీక్షలో పీసీఆర్‌కు ఏదో అడ్డుపడుతోంది, ఏం చేయాలి?

నార్వే వాగుల్లో నోబుల్ క్రేఫిష్‌ను (రొయ్యలాంటి మంచినీటి జీవి, అక్కడి స్థానిక జాతి) తుడిచిపెట్టేస్తున్న అఫనోమైసిస్ అస్టాసీ (ఈ ప్లేగును కలిగించే, బూజులాంటి సూక్ష్మజీవి) కోసం 5 లీటర్ల నీటిని 2 మైక్రాన్ల గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌లో వడకట్టి, సీటాబ్ అనే రసాయన పద్ధతిలో డీఎన్‌ఏ తీసి, దాని డీఎన్‌ఏలో ఐటీఎస్ అనే భాగం మీద క్యూపీసీఆర్ (డీఎన్‌ఏను పెంచుతూ ఎంత ఉందో కొలిచే పరీక్ష) పెడుతున్నాం. అడవి వాగు కదా, ఫిల్టర్ టీ డికాక్షన్ రంగుకు తిరుగుతోంది. పలుచన చేయని డీఎన్‌ఏకు సీటీ (సిగ్నల్ కనబడేసరికి పట్టిన పీసీఆర్ చక్రాల సంఖ్య; డీఎన్‌ఏ తక్కువైతే ఇది పెరుగుతుంది) 38.5. పది రెట్లు పలుచన చేస్తే అది సుమారు 3.3 పెరగాల్సింది పోయి 37కి దిగింది. అంటే హ్యూమిక్ ఆమ్లాలు (కుళ్లిన ఆకుల నుంచి నీళ్లలోకి దిగేవి) పీసీఆర్ ఎంజైమ్‌ను అడ్డుకుంటున్నట్టే. బ్లాంక్‌లలో (నమూనా లేకుండా పెట్టిన పోలిక పరీక్షల్లో) ఏమీ రాలేదు.

ఇంకా పలుచన చేద్దామంటే, అసలే నాలుగైదు జూస్పోర్ల (నీళ్లలో ఈదే బీజాల) డీఎన్‌ఏ, అదీ చేజారుతుంది. బీఎస్‌ఏ (అడ్డుపడే పదార్థాలను పట్టుకునే ప్రొటీన్) కలపడం మేలా, ఇన్‌హిబిటర్ (పీసీఆర్‌కు అడ్డుపడే పదార్థం) తీసే వడపోత కాలమ్ మేలా? కాలమ్‌లో డీఎన్‌ఏ ఎంత పోతుంది? రెండు ఫిల్టర్లలో ఒక్కటే పాజిటివ్ వస్తే దాన్ని నమ్మవచ్చా, మళ్లీ నీళ్లు తేవాలా? వాగులో సిగ్నల్ క్రేఫిష్ (అమెరికా నుంచి వచ్చిన జాతి) కూడా ఉంది, అది చావకుండానే రోగాన్ని మోస్తుంది. అందుకే చచ్చిన క్రేఫిష్ కనబడేదాకా ఆగలేం. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.