సమస్యాపూరణం: ముట్టకే చెవి మెలిపెట్టె ముసలితల్లి

ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో ఒక పాదం. పైన మూడు పాదాలు మీరు రాసి, దీన్ని నాలుగోదిగా కలపాలి:

*ముట్టకే చెవి మెలిపెట్టె ముసలితల్లి*

ఈ పాదం మా ఇంట్లోనే పుట్టింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ రాత్రిపూట లేవలేదు. మార్చి నెల హైదరాబాద్ సంగతి మీకు తెలుసు. పడుకునేటప్పుడు ఫ్యాను ఐదులో ఉండాలి, తెల్లవారుజామున మూడు గంటలకు అదే గాలికి చలి. మమ్మల్ని లేపడం ఇష్టం లేక దుప్పటిలో ముడుచుకుని అలాగే మేలుకుని ఉండేది. ఆ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. పాత ఫ్యానుకే రిమోట్ రెగ్యులేటర్ పెట్టించిన మొదటి రాత్రి బటన్ నొక్కి, "ముట్టుకోకుండానే దాని చెవి మెలిపెట్టానురా" అంది. పూరించండి. చెవి ఎవరిదైనా కావచ్చు.

ఉప్పల్ నుంచి కొత్త సభ్యుడు: ఇదే నా మొదటి పద్యం, తప్పులుంటే చెప్పండి.

చిన్న రిమోటు చేతిలో చిక్కినంత
ఐదులోనుండి మూడుకు హాయి గొలుప
లేచి నడచెడి బాధయే లేక నేడు
ముట్టకే చెవి మెలిపెట్టె ముసలితల్లి

నా మాట: తమ్ముడూ, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) కుదిరాయి. ఐ-హా యతి మొదటి ప్రయత్నంలోనే పట్టావంటే చెవి బాగుంది. ఒక్కచోటే చిక్కు. "రిమోటు" లఘువు (పొట్టి పలుకు), గురువు (పొడుగు పలుకు), లఘువు, అంటే జగణం. తేటగీతిలో అక్కడ రావలసిన ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. "రి"ని ముందు గణంలోకి జరిపితే "మోటు" మిగిలి నడక సరిపోతుంది: *చిన్నదైన రిమోటదే చేత జిక్క*. ఆ మాట తీసేసి "దూరనియంత్రణి" అని మాత్రం పెట్టకు. అమ్మలెవరూ అలా అడగరు.

ఈసీఐఎల్ మాస్టారు:

రాత్రి లేవగ కాళ్ళకు రాదు బలము
కొడుకు తెచ్చి రిమోటును కోరి యొసగ
గోడ మర దాక నడువక కూరుచుండి
ముట్టకే చెవి మెలిపెట్టె ముసలితల్లి

నా మాట: మాస్టారూ, మొదటి పాదం చదివి కాసేపు ఆగిపోయాను. మా ఇంటి సంగతే. "గోడ మర" (రెగ్యులేటర్) అన్నారు కాబట్టి చెవి ఎవరిదో విడిగా చెప్పక్కర్లేదు. రెండో పాదంలో "కోరి" యతి కోసం వచ్చినట్టుంది. *కొడుకు తెచ్చె రిమోటును కోఠి నుండి* అంటే యతీ నిలుస్తుంది, వస్తువు ఎక్కడిదో కూడా తెలుస్తుంది. నేను తెచ్చిందీ కోఠి గుజరాతీ గల్లీ నుంచే.

మాస్టారు: ఒప్పుకున్నాను. ఎంతకిచ్చారు? ఏం చూసి కొన్నారు?

నా మాట: 700 రూపాయలు. ముందు వేరే షాపులో కొన్నది తక్కువ స్పీడులో గుంయ్‌మని మోత పెట్టింది. రాత్రంతా ఆ మోతకు అమ్మకు నిద్ర లేదు, వాళ్ళు తిరిగి తీసుకోలేదు. ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌తో కరెంటును కోసి వేగం తగ్గించే రకాల్లో ఈ మోత వస్తుంది. కెపాసిటర్లతో మెట్లుమెట్లుగా తగ్గించే రకంలో రాదు. కాబట్టి షాపులోనే ఫ్యానుకు తగిలించి, ఒకటో నంబరులో విని కొనండి. మామూలు సీలింగ్ ఫ్యాను 70-80 వాట్లు తీసుకుంటుంది, రిమోట్ రెగ్యులేటర్ కిట్ అంతకు మించి మోయగలగాలి.

మౌలాలి నుంచి ఎలక్ట్రీషియన్ అన్న:

బోర్డులో ఫేజు తీగయే యుండె నొకటె
న్యూట్రలుండెను పైకప్పునుండి దిగెడు
ఫ్యాను కప్పులో కిట్టును పదిలపరచ
ముట్టకే చెవి మెలిపెట్టె ముసలితల్లి

నా మాట: అన్నా, ఇరవై ఏళ్ళ పనిని నాలుగు పాదాల్లో పెట్టావు. మొదటి పాదంలో బో-యుం యతి కుదరదు. *బోర్డులో ఫేజు మాత్రమె పొంచి యుండె* అని చూడు. బో-పొ చెల్లుతుంది, ఫేజు పొంచి ఉండటం అక్షరాలా నిజం కూడా.

పద్యం తెలియనివాళ్ళ కోసం అర్థం చెబుతాను. చాలా ఇళ్ళలో రెగ్యులేటర్ దగ్గరికి ఫేజు (కరెంటు వచ్చే తీగ) ఒక్కటే వస్తుంది, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) నేరుగా ఫ్యానుకు వెళ్తుంది. రిమోట్ కిట్ పనిచేయడానికి రెండూ కావాలి. అందుకే దాన్ని పైన ఫ్యాను కప్పులో, అంటే రాడ్డు పైకొసన ఉండే గిన్నెలాంటి మూతలో పెడతారు.

ఎలక్ట్రీషియన్ అన్న: దిద్దుబాటు బాగుంది సార్. ఇంకో రెండు మాటలు. కిట్ పెట్టాక గోడ మీది పాత రెగ్యులేటర్‌ను తప్పించి డైరెక్ట్ చెయ్యాలి, స్విచ్ మాత్రం ఉంచాలి. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ అయితే రిసీవర్ కన్ను కప్పు బయటికి కనబడాలి, రేడియో తరంగాలతో పనిచేసే ఆర్ఎఫ్ అయితే ఆ బాధ లేదు. ఐదులో కూడా ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగితే ముందు కెపాసిటర్ చూడండి. చాలా ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, అది మారిస్తే తక్కువ ఖర్చులో పని అయిపోతుంది. మెయిన్ ఆపకుండా ఎవరూ కప్పు విప్పొద్దు.

మల్కాజ్‌గిరి నుంచి అక్క: నేను చెవి మార్చాను.

పాత ఫ్యానుండ బాగుగ పారవేసి
కొత్త దేలరా వేలతో కొనెదవనుచు
ఫోనులోననె కొడుకును పోరుపెట్టి
ముట్టకే చెవి మెలిపెట్టె ముసలితల్లి

మా అబ్బాయి బెంగళూరు నుంచి బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) పంపుతానంటే మా అత్తగారు అచ్చం ఇలాగే అన్నారు.

నా మాట: అక్కా, ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. సమస్యలోని చిక్కు రిమోట్ లేకుండానే విడిపోయింది. దిద్దడానికేమీ లేదు.

ఫ్యాను విషయంలో మాత్రం అబ్బాయి మాట తోసెయ్యలేం. బీఎల్‌డీసీ 30 వాట్ల దగ్గర తిరుగుతుంది, రిమోట్ చాలావరకు దానితోనే వస్తుంది. పాతది 75 అనుకుంటే, రోజుకు పది గంటలకు నెలలో 13.5 యూనిట్లు మిగులు. పగలూ రాత్రీ తిరిగే హాల్లో అది పెట్టండి. అత్తగారి గదిలో రాత్రి మాత్రమే తిరిగే ఫ్యానుకు కిట్ చాలు. బీఎల్‌డీసీకి ఈ కిట్ తగిలించకూడదు, అది గుర్తుంచుకోండి.

అక్క: చీకట్లో రిమోట్ ఎక్కడ పెట్టుకుంటారు మీ అమ్మగారు?

నా మాట: పురికొస కట్టి మంచం కోడుకు వేలాడదీశాం. పొద్దున ఈ పూరణలన్నీ చదివి వినిపించాను. "రాదు బలము" దగ్గర ఏమీ అనలేదు. "కోఠి నుండి" దగ్గర ఆపించి, ఆ పాదం మళ్ళీ చదివించుకుంది.