ఐదు తీగల బేస్ గిటార్‌లో మంద్ర తీగలు స్పష్టంగా పలకాలంటే ఏం చేయాలి?

బైరాగిపట్టెడ బేస్ (తిరుపతి):

అందరికీ నమస్కారం. తిరుపతిలో పెళ్లి కచేరీలు చేసే ఒక ఆర్కెస్ట్రాలో రెండేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాను. నాలుగు తీగల గిటార్ నుంచి ఈ మధ్యనే 34 అంగుళాల స్కేలు (తీగ కంపించే పొడవు) గల ఐదు తీగల గిటార్‌కు మారాను. జి, డి తీగలు బాగానే పలుకుతున్నాయి, ఇ తీగ కూడా ఫర్వాలేదు. చిక్కంతా అన్నిటికన్నా మందంగా, మంద్రంగా ఉండే ఐదో తీగ, బి తీగతోనే వచ్చింది. ఒంటరిగా వాయిస్తే కిటికీ తలుపులు అదిరేంత శబ్దం వస్తుంది కాని, మొన్న తిరుచానూరు దారిలోని ఒక కల్యాణ మండపంలో అందరితో కలిసి వాయించినప్పుడు, ఏ స్వరం మీద ఉన్నానో తెలియడం లేదని మా గాయని అన్నారు. ఆంప్‌లో (శబ్దాన్ని పెంచే పెట్టెలో) మంద్ర ధ్వనిని పెంచే బేస్ నాబ్ తిప్పితే స్వరాలు మరింత ముద్దగా కలిసిపోయాయి. గిటార్‌తో పాటు వచ్చిన తీగలే ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. ఆంప్‌కు ఒకే 10 అంగుళాల స్పీకరు ఉంది. మేడ మీద 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గదిలో దానిని మూలకు ఆనించి సాధన చేస్తాను. గిటార్ మార్చాలా, ఆంప్ మార్చాలా అన్నది పెద్దలు చెప్పగలరు.

చిత్తూరు శ్రుతిపెట్టె:

ప్రస్తుతానికి రెండూ మార్చవద్దు. ముందు ఆ బేస్ నాబ్‌ను మధ్యకు తెచ్చి ఉంచండి. బి తీగ సెకనుకు సుమారు 31 సార్లు, ఇ తీగ 41 సార్లు కంపిస్తాయి. ఒక్క 10 అంగుళాల స్పీకరు 31 హెర్ట్జ్‌ను గట్టిగా పలికించలేదు. అయినా మనకు బి వినిపిస్తున్నదంటే, దాని పైన వచ్చే 62, 93, 124 హెర్ట్జ్ అనుస్వరాలను విని, అడుగున ఉండవలసిన స్వరాన్ని చెవే పూరించుకుంటున్నదన్న మాట. కనుక మీరు వెతుకుతున్న స్పష్టత ఆ అనుస్వరాల్లోనే ఉంది. అడుగు భాగాన్ని 12 డెసిబెల్స్ పెంచితే అక్కడ ఆంప్ సుమారు 16 రెట్లు శక్తి ఇవ్వవలసి వస్తుంది. అదంతా స్పీకరు కోన్‌ను ఊపడానికే పోయి, వినబడవలసినది నలిగిపోతుంది.

మిక్సర్‌లో వీలుంటే 30 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదంతా కోసివేసి, 200 నుంచి 300 మధ్య మూడు డెసిబెల్స్ తగ్గించి, 700 నుంచి 1000 మధ్య కొద్దిగా పెంచి చూడండి. ఈ అమరిక ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టు ఉండి మీకే నచ్చదు, కాని డోలక్, ప్యాడ్స్, కీబోర్డు అన్నీ కలిసినప్పుడు మీ స్వరం వాటి మధ్య నుంచి బయటికి వస్తుంది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని సరిచేసుకున్న నాదాన్ని వేదిక మీద నమ్మి నేను చాలాసార్లు దెబ్బతిన్నాను. అన్నట్టు, మీ కీబోర్డు ఆయన ఎడమ చేత్తో మంద్రస్థాయి కార్డ్స్ (కలిపి పలికే స్వరాలు) పట్టుకుంటున్నారేమో గమనించండి. అలాగైతే ఆ చేతిని ఒక స్థాయి పైకి జరపమని వినయంగా అడగడం ఏ నాబ్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇక తీగల సంగతి. మన ఉక్కపోతకు, చేతి చెమటకు ఎనిమిది నెలలంటే ఆ తీగలు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. రౌండ్‌వౌండ్ రకం (గుండ్రని సన్న తీగ చుట్టినవి) కొత్తవి వేయండి. బి తీగ 130 మందం (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) ఉంటే మంచిది, బ్రిడ్జ్ (తీగలు కింది చివర ఆనే భాగం) దగ్గర సన్నబడే రకం దొరికితే మరీ మంచిది. బిగించేటప్పుడు తీగ మెలిపడితే ఎంత కొత్తదైనా మొద్దుగానే పలుకుతుంది. కొసను కత్తిరించే ముందు కోణంగా వంచండి, లేకపోతే లోపలి చుట్లు వదులవుతాయి. బిగించిన తరువాత శాడిల్‌కు (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న మెట్టుకు) ముందు, తీగ మీద బొటనవేలితో ఒక్కసారి గట్టిగా నొక్కండి. మందపు తీగ శాడిల్ మీద వంపు తిరిగి నిలుస్తుంది కనుక, ఆ చిన్న నొక్కుతో కంపనం ఎక్కడ మొదలవ్వాలో తేటపడుతుంది. ఆ తరువాతే పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కమ్మి) దగ్గర శ్రుతి సరిచూసుకోవాలి.

పికప్ (తీగ కంపనాన్ని అందుకునే అయస్కాంతపు భాగం) ఎత్తు కూడా చూడండి. చివరి ఫ్రెట్ నొక్కి పట్టినప్పుడు బి తీగకు, పికప్‌కు మధ్య సుమారు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని ఊగిసలాడిస్తుంది.

పాత తీగల భక్తుడు:

కొత్త తీగల సెట్ ధర తక్కువేమీ కాదు కదండీ. పాతవాటిని విప్పి, పది నిమిషాలు నీళ్లలో మరిగించి, బాగా తుడిచి ఆరబెట్టి వేస్తే మళ్లీ గణగణ మోగుతాయి. మేము ఏళ్ల తరబడి ఇలాగే గడిపాము.

చిత్తూరు శ్రుతిపెట్టె:

మోగుతాయి, కాదనను, కాని ఆ మోత కొద్ది రోజులే ఉంటుంది. బి వంటి మందపు తీగను విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ మేకు దగ్గర అది బలహీనపడుతుంది, లోపల చెమ్మ మిగిలితే తుప్పు పడుతుంది. ముహూర్తాల రోజుల్లో వేదిక మీద తెగితే ఆ ఆదా ఎందుకూ కొరగాదు. వాయించిన ప్రతిసారీ పొడిబట్టతో తీగల అడుగు భాగం కూడా తుడవడం మేలు.

మృదంగం నుంచి వచ్చినవాడు (తిరుపతి):

అనుస్వరాల మాట ఎత్తారు కనుక ఒకటి చేరుస్తాను. తంబురాలో మంద్ర తీగ కింద, గుర్రం (తీగలు ఆనే మెట్టు) మీద, చిన్న దారపు పోగు జరిపి జీవ (నాదంలోని ఝుంకారం) పలికిస్తారు. ఆ పోగు చేసేది అనుస్వరాలను మేల్కొలపడమే. మృదంగం కుడి మూతి మీది నల్లని పూత వల్లనే దాని అనుస్వరాలు క్రమంగా శ్రుతిలో పలుకుతాయని సి.వి.రామన్ 1920లోనే రాశారు. బేస్ తీగ చుట్లలో మురికి చేరితే దీనికి తలకిందులు జరుగుతుంది: బరువు అక్కడక్కడ హెచ్చుతగ్గులై, అనుస్వరాలు వాటి స్థానాల నుంచి తప్పి, ఏ స్వరమో చెవి తేల్చుకోలేకపోతుంది.

బేస్ వాయించే మిత్రులలో మరొక అలవాటు చూశాను. వినపడడం లేదని బి తీగను గట్టిగా మీటుతారు. వదులుగా ఉండే ఆ తీగ మీటిన క్షణంలో శ్రుతి పైకి తన్నుకుని, తరువాత దిగుతుంది. మెల్లగా, బ్రిడ్జ్ వైపుకు రెండు మూడు వేళ్ల దూరం జరిగి మీటండి. పై తీగలు వాయించేటప్పుడు బొటనవేలిని బి తీగ మీద ఆనించి ఉంచండి. లేకుంటే అది తనంతట తాను గుయ్యిమంటూ అన్నిటినీ ముంచుతుంది.

బైరాగిపట్టెడ బేస్ (తిరుపతి):

ఇద్దరికీ కృతజ్ఞతలు. కొత్త తీగలు వేసి, మెలి లేకుండా బిగించి, పికప్‌ను దించాను. నిన్న సాధనలో గాయని తానే వెనుదిరిగి చూసి నవ్వారు. ఒక్క సందేహం మిగిలింది. బి తీగ తేటపడింది కాని, ఇప్పుడు మా గదిలో ఎ స్వరం, దాని పక్కది మాత్రం మిగతావాటి కన్నా రెట్టింపుగా ఉబ్బుతున్నాయి. బయట మండపంలో అలా లేదు. తీగ లోపమా?

మృదంగం నుంచి వచ్చినవాడు (తిరుపతి):

తీగది కాదు, గదిది. పది అడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య, మన ఎండల వేడిలో, సుమారు 57 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలిచిపోతుంది. మీ ఎ స్వరం 55, దాని పక్కది 58. పన్నెండు అడుగుల వైపు కొలిస్తే అది 48 దగ్గర పడుతుంది కనుక, 49 దగ్గర ఉండే జి కూడా కాస్త ఉబ్బి ఉండాలి, గమనించండి. ఆంప్‌ను మూల నుంచి తీసి, గోడ నుంచి మూడు నాలుగు అడుగులు ముందుకు జరిపి, ఒక కుర్చీ మీద ఎత్తుగా పెట్టండి. మీరు కూడా గోడకు ఆనుకొని కూర్చోకండి, ఆ ఉబ్బు గోడల దగ్గరే ఎక్కువగా వినిపిస్తుంది.

బైరాగిపట్టెడ బేస్ (తిరుపతి):

జి కూడా ఉబ్బుతున్నది, ఇప్పుడే వాయించి చూశాను. కుర్చీ వెతకడానికి కిందికి వెళుతున్నాను.